అడవిలో ఎలుగుకి పళ్లెవరు పెడతారు?

హైదరాబాద్

చిట్టీ, బుజ్జీ,

మీ ఉత్తరం అందింది. జూలో ఎలుగుబంటికి పళ్లు పెట్టడం చూసి, "మరి అడవిలో దానికి ఎవరు పెడతారు తాతయ్యా?" అని అడిగారు. ఎవరూ పెట్టరు. ఏ నెలలో ఎక్కడ ఏం దొరుకుతుందో అదే తెలుసుకుని తిరుగుతుంది.

మంచు కొండల్లో ఉండే గోధుమరంగు ఎలుగు సంగతి ముందు చెబుతాను, తిండికి దానికే ఎక్కువ ఇబ్బంది. మన దేశంలో లదాఖ్‌లోని ద్రాస్, జంస్కార్ వైపు, కశ్మీర్, హిమాచల్ కొండల్లోనూ ఉంది. అక్కడ చలికాలం ఐదారు నెలలు అది నిద్రలోనే ఉంటుంది. ఏడాది తిండంతా మిగిలిన నెలల్లోనే తినాలి.

నిద్ర లేచేసరికి ఏప్రిల్, మే అవుతుంది. అప్పటికి పళ్లుండవు. మంచు కరిగిన చోట మొలిచే లేత గడ్డే మొదటి భోజనం. ఆవుకున్నట్టు నాలుగు గదుల కడుపు దానికి లేదు, ముదురు గడ్డి అరగదు. అందుకే మంచు కరిగే కొద్దీ లేత పచ్చిక వెతుక్కుంటూ కొండ పైకి పోతుంది. చలికి చచ్చిన జంతువు కనిపిస్తే అదీ వదలదు. అయినా, సినిమాల్లో చూపించినట్టు ఎప్పుడూ ఎవరి మీదో పడే జంతువు కాదు. చాలా కొండ అడవుల్లో దాని తిండిలో ఎక్కువ భాగం ఆకులు, దుంపలు, పళ్లే.

వేసవిలో గోళ్లతో నేల తవ్వి దుంపలు, చీమల గుడ్లు తింటుంది. హిమాలయాల్లో మర్మోట్ అనే బొద్దు జంతువు కలుగులూ తవ్వుతుంది. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం అమెరికాలోని ఎల్లోస్టోన్ ప్రాంతం కథ. మైదానాల నుంచి ఒక రకం రెక్కల పురుగులు, దీపం చుట్టూ తిరిగే జాతివి, ఎండాకాలంలో కొండలెక్కుతాయి. రాత్రంతా పూల తేనె తాగి, పగలు రాళ్ల సందుల్లో దాక్కుంటాయి. ఒళ్లంతా కొవ్వే. ఎలుగులు ఆ రాళ్లు పక్కకి తోసి నాకేస్తాయి. ఒక్క ఎలుగు రోజుకి 40,000 దాకా తినగలదని అంచనా! అదే ప్రాంతంలో ఉడుతలు పైన్ కాయలు ఏరి దాచుకుంటే, ఎలుగు వచ్చి ఆ గుట్ట కొల్లగొడుతుంది. పాపం ఉడుత.

ఆగస్టు దాటితే ఆకలి మారిపోతుంది. సీతాఫలాల సీజన్‌లో గంప ముందు కూర్చున్న మీ నాన్న లాగే, ఇక ఆగదు. అడవి పళ్లు, గింజలు, ఓక్ కాయలు, ఏది దొరికితే అది. మనిషికి రోజుకి 2,000 కేలరీలు చాలు, దానికి 20,000 దాకా పోతాయి. ఆ కొవ్వే చలికాలమంతా ఆధారం. గుహలోకి దూరాక తినదు, తాగదు, ఒంటికీ రెంటికీ కూడా లేవదు. గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది. వసంతానికి ఒంటి బరువులో 15 నుంచి 30 శాతం తగ్గిపోతుంది.

తల్లి ఎలుగుది ఇంకా కష్టం. వేసవిలోనే జత కట్టినా, కడుపులో పిల్ల అప్పుడే పెరగడం మొదలుపెట్టదు. శరదృతువుకి ఒంట్లో సరిపడా కొవ్వు చేరితేనే పెరుగుతుంది, లేకపోతే ఆ ఏడు పిల్లలే ఉండవు. చలి మధ్యలో, అరకిలో బరువున్న కూనల్ని కని, తను ఏమీ తినకుండానే పాలిస్తుంది.

ఇక మన నల్లమల, ఆదిలాబాద్ అడవుల్లో ఉండే నల్ల ఎలుగు వేరు. మార్చి, ఏప్రిల్‌లో రాలిన ఇప్పపూలు, ఎండల్లో తునికి పళ్లు, వానలు మొదలవగానే నేరేడు. దాని నోట్లో పై వరసలో ముందు పళ్లు రెండు లేవు, ఆ సందులోంచి చెదల్ని పీల్చేస్తుంది. చెదలు ఏడాదంతా దొరుకుతాయి, ఇక్కడ మంచూ లేదు. అందుకే అది నెలల తరబడి నిద్రపోదు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య