రైతు ఆత్మహత్యలు ఒక్క ఏడాదిలో సగం ఎలా అయ్యాయి?

2013లో మన దేశంలో 11,772 మంది రైతులు ఆత్మహత్య చేసుకున్నారు. 2014లో 5,650 మంది. రెండూ జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఇచ్చిన లెక్కలే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా రైతు కాస్త తేరుకున్నాడనే అనిపిస్తుంది. కానీ ఆ ఏడాది నైరుతి రుతుపవనాల్లో దేశం మొత్తం మీద సగటు కంటే 12 శాతం తక్కువ వర్షం పడింది. అది రైతు తేరుకునే ఏడాది కాదు.

మారింది గడులు. 1995 నుంచి ఈ లెక్కల్లో ‘వ్యవసాయంలో స్వయం ఉపాధి’ అని ఒక గడి ఉండేది. 2013 వరకు ఆ ఒక్క గడిలో నమోదైన చావులు 2,96,438. 2014లో పద్ధతి మార్చారు. రైతులను ఒక గడిలో, వ్యవసాయ కూలీలను మరో గడిలో వేశారు. ఆ ఏడాది కూలీల లెక్క 6,710. రెండూ కలిపితే 12,360.

విడదీయడం తప్పని నేను అనను. కూలీల చావులు విడిగా కనబడాల్సిందే, అది చాలా ఆలస్యంగా జరిగిన పని. పాత గడిలో కూలీలు ఎంతమంది కలిసిపోయారో విడదీసి చూపే లెక్క లేదు కాబట్టి 2013ని 2014తో నేరుగా పోల్చకూడదు. ఆ మాట చెప్పకుండా 5,650ని మాత్రమే చూపించి ‘తగ్గాయి’ అంటే జనాన్ని మోసం చేయడమే. అందులో అబద్ధపు అంకె ఒక్కటీ ఉండదు, అయినా మోసమే.

కొన్ని రాష్ట్రాల్లో గడులు ఇంకా దారుణంగా మారాయి. ఛత్తీస్‌గఢ్‌లో 2009లో రైతుల ఆత్మహత్యలు 1,802 అని రాశారు. 2011లో సున్నా. మళ్లీ 2014కి వచ్చేసరికి, కూలీలు కాకుండానే, 443. కర్ణాటకలో 2013లో 1,403 ఉన్న అంకె మరుసటి ఏడాది 321కి పడిపోయింది. అదే ఏడాది అక్కడ ‘ఇతరులు’ అనే గడి రెండింతలకు పైగా ఉబ్బింది.

మన దగ్గరి అంకెలు చూస్తే ఇదంతా ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. తెలంగాణలో 2014లో రైతులు 898, కూలీలు 449. 2015లో రైతులు 1,358, కూలీలు 42 మంది. కూలీల చావులు ఒక్క ఏడాదిలో పదో వంతుకు పడిపోయాయని ఎవరు నమ్ముతారు? మొత్తం చూడండి: 1,347, ఆ తర్వాత 1,400. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో రైతులు 160 మందే, కూలీలు 472. మరుసటి ఏడాది రైతులు 516, కూలీలు 400.

ఈ అంకెలన్నీ మొదలయ్యేది పోలీస్ స్టేషన్‌లో. ఊళ్లో చావు జరిగితే శవ పంచనామా చేసి కాగితాలు రాస్తారు. అందులో ‘వృత్తి’ అని ఒక గడి ఉంటుంది. చనిపోయిన మనిషి మూడెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేశాడనుకోండి. పట్టాదారు పాస్‌బుక్ భూమి ఆసామి పేరు మీద ఉంటుంది, కౌలు నోటిమాట మీద నడుస్తుంది. పంట లేనప్పుడు అతను కూలికీ వెళ్లేవాడు. ఆ గడిలో ఏం రాయాలి? కౌలుదారు కూడా రైతే అని ఎన్‌సీఆర్‌బీ నిర్వచనం చెబుతుంది. స్టేషన్‌లో మాత్రం పాస్‌బుక్ లేకపోతే కూలీ అని రాసేయడం తేలిక. ఇక ఆడవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. నాటు నుంచి కోత దాకా చేలోనే ఉన్న మనిషిని ‘గృహిణి’ అని రాసేస్తారు.

పరిహారం దగ్గరా ఇదే చిక్కు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నాటి జీవో 421 ప్రకారం కుటుంబానికి లక్షన్నర ఇచ్చేవారు. అది రావాలంటే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అధికారి ఉన్న త్రిసభ్య కమిటీ ఒప్పుకోవాలి. భర్త పోయిన మనిషి అప్పు కాగితాలు, భూమి కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. కౌలు కుటుంబం దగ్గర చూపించడానికి భూమి కాగితమే ఉండదు. కౌలుదారులకు కార్డులివ్వాలని 2011లో చట్టం వచ్చింది. కార్డు ఇస్తే భూమి మీద హక్కు పోతుందేమోనని ఆసాములు భయపడ్డారు, చాలామందికి అది చేతికి రాలేదు.

2022 లెక్క: రైతులు 5,207, వ్యవసాయ కూలీలు 6,083, మొత్తం 11,290. ఆ మూడెకరాల కౌలు రైతు ఈ రెండు గడుల్లో దేనిలో పడతాడనేది ఇప్పటికీ స్టేషన్‌లో రాసే ఆ ఒక్క మాట మీదే ఉంది.