లావు పైపు పెట్టినంత మాత్రాన పికప్ పెరగదు: ఎయిర్ ఇన్‌టేక్‌పై అపోహలు, వాస్తవాలు

పికప్ బండికి పికప్ పెరగాలని చవకలో ఒక ఇన్‌టేక్ కిట్ (ఇంజిన్‌కు గాలి తెచ్చే పైపు, ఫిల్టర్) తెచ్చి బిగించుకుని, నెల తిరక్కుండా చెక్ ఇంజిన్ లైటుతో వచ్చేవాళ్లను చూసి చూసి ఇది రాస్తున్నాను. మొన్న వచ్చినాయన అప్పటికే ఆక్సిజన్ సెన్సర్లు మార్పించాడు, ఫ్యూయల్ పంపు కూడా మార్పించాడు. స్కానర్ పెడితే పి0171, పి0174. అంటే ఇంజిన్‌లోని రెండు సిలిండర్ వరుసలూ (బ్యాంకులు) లీన్, గాలికి తగినంత పెట్రోలు అందడం లేదు. బానెట్ ఎత్తగానే తళతళలాడే అల్యూమినియం పైపు, దాని చివర ఎర్ర కోన్ ఫిల్టర్ కనిపించాయి. "ఇదెప్పుడు పెట్టారండీ?" అంటే, "దాంతో గొడవేం లేదండీ, సౌండు కూడా అదిరిపోతోంది" అన్నాడు.

అపోహ: పైపు ఎంత లావుంటే అంత గాలి, అంత పవర్.

చేతి చమురు బాగా వదిలేది దీనితోనే. మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ (మాఫ్) పైపులో వెళ్లే గాలినంతటినీ కొలవదు. తన ముందు నుంచి పోయే కాస్త గాలిని చూసి మొత్తం ఎంతో లెక్క కడుతుంది. ఈసీయూలో, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో, ఉన్న ఆ లెక్క కంపెనీ పైపు లోపలి వ్యాసానికి రాసింది. అదే సెన్సర్‌ను ఇంకా లావు పైపులో పెడితే అంతే గాలి నెమ్మదిగా పోతుంది. సెన్సర్‌లోని వేడి తీగ తక్కువ చల్లబడుతుంది, గాలి తగ్గిందని ఈసీయూ అనుకుంటుంది.

70 మిల్లీమీటర్ల పైపు తీసి 76ది పెట్టారనుకోండి. అడ్డుకోత వైశాల్యం దాదాపు 18 శాతం పెరుగుతుంది, గాలి వేగం 15 శాతం తగ్గుతుంది. ఈసీయూ పెట్రోలు కూడా ఆ మేరకు తగ్గించి వదులుతుంది. మామూలుగా నడుపుతున్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ ఈ తప్పును పసిగట్టి సర్దుతుంది. అందుకే మొదట్లో "బాగానే ఉంది" అనిపిస్తుంది. ఆ సర్దుబాటుకూ ఒక హద్దుంది, అది దాటితే లైటు వెలుగుతుంది. అసలు భయం లోడుతో ఎత్తెక్కేటప్పుడు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు చాలా బండ్లు ఆక్సిజన్ సెన్సర్ మాట కోసం ఆగవు, మాఫ్ అంకెనూ అంతవరకు నేర్చుకున్న ట్రిమ్‌నూ (పెట్రోలు సర్దుబాటునూ) నమ్ముకుంటాయి. అప్పుడు లీన్‌గా నడిస్తే నాకింగ్ (ఇంజిన్ టకటక కొట్టుకోవడం), వేడి. దెబ్బ పిస్టన్ల మీద పడుతుంది.

డీజిల్ వాళ్లు "మాకేం కాదు" అనుకోకండి. గాలి తక్కువుందని సెన్సర్ చెబితే, పొగ రాకుండా ఈసీయూ చాలా బండ్లలో డీజిల్ కోసేస్తుంది. పవర్ కోసం కొన్న పైపుతో ఉన్న పవర్ పోతుంది.

కొనేముందు వెర్నియర్ తీసుకుని కంపెనీ సెన్సర్ గొట్టం లోపలి వ్యాసం కొలవండి, కిట్‌ది కొలవండి. ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా వైశాల్యంలో దాదాపు మూడు శాతం తేడా వస్తుంది. కిట్‌లో సెన్సర్ స్థానం పైపు వంపుకు ఆనుకుని ఉన్నా వద్దు, అక్కడ గాలి సుడి తిరుగుతుంది. బిగించే ముందూ, వారం నడిపాకా స్కానర్‌లో లాంగ్ టర్మ్ ట్రిమ్ చూడండి. ముందు రెండో మూడో శాతం ఉండి ఇప్పుడు పది దాటితే, గాలి లీకులు చూసుకోండి. అవీ లేకపోతే ఆ కిట్ మీ బండికి కాదు. మొన్న వచ్చినాయన బండిలో ప్లస్ 19 ఉంది. అదృష్టం, పాత ఎయిర్ బాక్స్ పారేయలేదు. దాన్ని తిరిగి బిగించడానికి అరగంట పట్టింది. కొన్నాళ్లు తిరిగేసరికి ట్రిమ్ దారికొచ్చింది. ఆయన ముఖం చూస్తే జాలేసింది, బాగున్న సెన్సర్లు మార్చినవాళ్లు ఒక్కసారి పైపు వైపు చూసి ఉంటే సరిపోయేది.

ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకూ లేదు. పని కొత్తలో నా బండికి నూనె పట్టించి వాడే కాటన్ ఫిల్టర్ పెట్టుకుని, నూనె ఎక్కువైతే దుమ్ము బాగా పడుతుందని దట్టంగా పట్టించాను. ఆ నూనె వెళ్లి సెన్సర్ తీగ మీద పేరుకుంది. ఐడిల్ ఎగుడుదిగుడు, ఆగితే ఇంజిన్ ఆఫ్. వారం రోజులు ఇగ్నిషన్ కాయిల్స్ మీద అనుమానపడ్డాను. చివరికి మాఫ్ క్లీనర్ స్ప్రే కొడితే రెండు నిమిషాల్లో తేలిపోయింది. కార్బ్యురేటర్ క్లీనర్ మాత్రం దాని మీద కొట్టకండి.

అపోహ: పెట్టె మీద "కోల్డ్ ఎయిర్" అని ఉంటే చల్లగాలే వస్తుంది. బానెట్ కింద అడ్డు లేకుండా కోన్ ఫిల్టర్ పెడితే అది పీల్చేది రేడియేటర్ వేడే. గాలి మూడు డిగ్రీలు వేడెక్కితే సాంద్రత సుమారు ఒక శాతం పడిపోతుంది. కంపెనీ బాక్స్ చాలా బండ్లలో ముందు నుంచో ఫెండర్ లోపలి నుంచో బయటి గాలినే తెస్తుంది. చల్లగాలి కోసమని ఫిల్టర్‌ను మరీ కిందికి దించినా ప్రమాదమే, నిలిచిన నీళ్లు పీలిస్తే ఇంజిన్ లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు.

మైలేజీ పెరుగుతుందా? పెరగదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ 2009లో ఆధునిక ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లపై చేసిన పరీక్షల్లో, మూసుకుపోయిన ఫిల్టర్ మార్చినా మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, వేగం అందుకోవడంలో తేడా వచ్చింది.

చవకవన్నీ చెత్తేనా అంటే, కాదు. వ్యాసం సరిపోయి, వేడికి అడ్డు పలక ఉండి, బ్రీదర్ హోస్‌కు (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి తెచ్చే గొట్టం) సరైన రంధ్రం ఉన్నది దొరికితే తీసుకోవచ్చు. ఎయిర్ ఫిల్టర్లకు చేసే ఐఎస్ఓ 5011 పరీక్ష ఫలితం ఇచ్చారేమో చూడండి. ఇవేవీ తేలకపోతే పాత బాక్స్‌లో కొత్త పేపర్ ఫిల్టర్ వేసుకోండి, అన్నిటికన్నా చవక అదే.

ఇప్పటికే పెట్టేసుకున్నవాళ్లు టెన్షన్ పడకండి. ఇంజిన్ ఆపి, ఫిల్టర్ తర్వాతి పైపు విప్పి లోపల తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డకు సన్నటి మట్టి అంటుకుందంటే దుమ్ము లోపలికి పోతోంది. అయితే అది ఫిల్టర్ తప్పే కానక్కర్లేదు, చాలాసార్లు దాని మెడ దగ్గర క్లాంప్ వదులై ఉంటుంది. తుడిచి, ముందు అది బిగించి, వారం తర్వాత మళ్లీ గుడ్డ పెట్టి చూడండి.