ముల్లు ఎందుకు కదల్లేదంటే

కల్వకుర్తి,
దసరా సెలవులకు ముందు ఆదివారం.

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. సిగ్నల్ సరిగా లేదు, పైగా అది రెండు ముక్కల్లో చెప్పి పెట్టేసే సంగతి కాదు. అందుకే ఈ ఉత్తరం. నువ్వు చదివాక అక్కకీ చిన్నోడికీ కూడా చదివి వినిపించు, నువ్వు కంప్యూటర్ ఆటలో విమానం నడుపుతుంటే వాళ్లిద్దరూ నీ కుర్చీ పక్కనే ఉంటారని మీ అమ్మ చెప్పింది.

నువ్వు అడిగింది ఇదీ: "తాతా, ఫ్లైట్ సిమ్యులేటర్‌ల జెట్ విమానం గేజ్ ఒకటి తెచ్చి నా చిన్న సెస్నా విమానం ప్యానెల్‌ల పెట్టిన. బొమ్మ వచ్చింది గానీ ముల్లు సున్నా మీదనే ఉంది, కదులుతలేదు. నేనేమన్న చెడగొట్టిన్నా? ఇట్ల గేజ్‌లు మారిస్తే విమానం ఎగరుడు గూడ మారిపోతదా?"

ఏమీ చెడగొట్టలేదు. ముందు ఆ టెన్షన్ తీసెయ్. నువ్వు అడిగిన రెండు ప్రశ్నలూ మంచివే, రెండోది మరీ మంచిది.

ఇప్పుడు లేచి వంటింట్లోకి వెళ్లి మీ అమ్మ పోపుల డబ్బా మూత తీసి చూడు. గుండ్రటి స్టీలు డబ్బా, దాంట్లో మధ్యలో ఒక గిన్నె, చుట్టూ ఆరు గిన్నెలు. ఒకదాంట్లో ఆవాలు, ఒకదాంట్లో జీలకర్ర, ఇంకోదాంట్లో పసుపు, మెంతులు, శనగపప్పు, మినప్పప్పు, విరిచిన ఎండుమిరపకాయలు. నీ కంప్యూటర్‌లో పైలట్ ముందు మీటర్లన్నీ ఉండే ప్యానెల్ కూడా అచ్చం ఇంతే. వెనకాల కనిపించే బూడిద రంగు బొమ్మ ఉంది చూడు, అది డబ్బా. ఒక్కో గేజ్, అంటే ముల్లున్న మీటరు, ఒక్కో గిన్నె. మరి గిన్నెలో ఉండే దినుసు ఏమిటి? విమానం వేగం ఎంత, ఎత్తు ఎంత, ముక్కు ఎటు తిరిగి ఉంది అని సిమ్యులేటర్ లోపల ప్రతి క్షణం లెక్క వేస్తూ ఉంటుంది కదా, ఆ అంకెలే దినుసు. గిన్నెలో ఆవాలు పండవు, అవి చేలో పండి అంగడి మీదుగా వస్తాయి. అలాగే గేజ్ ఏ లెక్కా వెయ్యదు. "ఇప్పుడు వేగం ఎంత?" అని సిమ్యులేటర్‌ని అడుగుతుంది, వచ్చిన జవాబుకి తగ్గట్టు ముల్లు తిప్పుతుంది, అంతే దాని పని.

నువ్వు తెచ్చిన జెట్ గేజ్ అడిగే ప్రశ్న ఏమిటో తెలుసా? "ఇంజన్ ముందున్న పెద్ద ఫ్యాన్ ఎంత శాతం వేగంతో తిరుగుతోంది?" అని. నీ సెస్నాలో అలాంటి ఫ్యానే లేదు. దానిది మోటార్ సైకిల్‌కి ఉన్నట్టు పిస్టన్ ఇంజన్, ముందు ఒక ప్రొపెల్లర్. లేనిదాని గురించి అడిగితే సున్నా తప్ప ఏం వస్తుంది? మిరియాలు అని చీటీ అంటించిన గిన్నె కొనుక్కొచ్చి డబ్బాలో పెట్టినంత మాత్రాన ఇంట్లోకి మిరియాలు వస్తాయా, అదీ సంగతి.

ఇక ఎగరడం మారుతుందా అంటే, మారదు. విమానం బరువెంత, రెక్కలు ఎంత లేపుతాయి, ఇంజన్ బలమెంత అన్నవి రాసిన ఫైళ్లు వేరే ఉంటాయి. నువ్వు నోట్‌ప్యాడ్‌లో తెరిచిన ప్యానెల్ డాట్ సీఎఫ్‌జీ అనేది ఏ గిన్నె ఎక్కడ ఉండాలో రాసిన చీటీ మాత్రమే. నువ్వు వాడే ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ 2006లో వచ్చింది, దానికి ముందు వచ్చినవాటిలోనూ ఇదే పద్ధతి. గేజ్ పేరు, ఆ తర్వాత నాలుగు అంకెలు. ఎడమ అంచు నుంచి ఎంత దూరం, పై అంచు నుంచి ఎంత దూరం, వెడల్పు ఎంత, ఎత్తు ఎంత. రెండో అంకె దగ్గర జాగ్రత్త, బళ్లో గ్రాఫ్ గీసేటప్పుడు అంకె పెరిగితే పైకి పోతాం, ఇక్కడ పెరిగితే కిందికి దిగుతుంది.

ఆ చీటీ మార్చే ముందు దాని కాపీ ఒకటి వేరే చోట దాచిపెట్టు. ఇది మాత్రం నా మాట వినాలి. నేను ముప్పై ఏళ్లు కరెంటు సబ్‌స్టేషన్‌లో మీటర్ల ముందు కూర్చుని డ్యూటీ చేసినవాణ్ణి, పాత వైరు ఎక్కడుందో రాసుకోకుండా కొత్త వైరు కలిపితే రాత్రంతా ఎలా వెతుక్కోవాలో నాకు తెలుసు. ఒక్కసారికి ఒక్క గేజే మార్చు. మార్చి, సేవ్ చేసి, ఎగిరి చూడు. అయిదు మార్చి ఆరోది కనిపించకపోతే తప్పు ఎక్కడుందో దేవుడికి కూడా దొరకదు. ఒకే నంబరు రెండు గేజ్‌లకి వేసినా ఒకటి మాయమవుతుంది, అది కూడా చూసుకో.

అన్నట్టు, ప్యానెల్‌కి నల్ల రంగు పూస్తే మధ్యలోంచి రన్‌వే కనిపిస్తోందని అక్క నవ్విందట కదా. అది కూడా తప్పు కాదు. ఆ వెనక బొమ్మలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ సున్నా ఉన్న చోట, అంటే పూర్తి నలుపు ఉన్న చోట, సిమ్యులేటర్ ఏమీ గీయకుండా వదిలేస్తుంది. కాక్‌పిట్ కిటికీలు అలా వదిలేసినవే, వాటిలోంచి నీకు ఆకాశం కనిపిస్తోంది. నీకు నల్ల ప్యానెల్ కావాలంటే మూడు రంగులకీ సున్నాకి బదులు ఒకటి అంకె పెట్టు. కంటికి అదీ నలుపే, కానీ సిమ్యులేటర్‌కి అది గోడ. ఈ సంగతి మొదటిసారి తెలిసిన రోజు నేను చాలాసేపు ఆ స్క్రీన్ వంకే చూస్తూ కూర్చున్నాను, నలుపుకీ నలుపుకీ మధ్య ఒక్క అంకె తేడాలో ఆకాశం అంతా ఉందని.

సరే, మళ్లీ డబ్బా దగ్గరికి. గేజ్‌లు మార్చితే ఎగరడం మారదు అన్నాను కదా. డబ్బా మార్చితే కూరా మారదు, కానీ వండే చెయ్యి తడబడుతుంది. మా చిన్నప్పుడు ఇంట్లో కరెంటు లేదు. కందిలి వెలుగులో, ఒక్కోసారి గాలికి అదీ ఆరిపోతే పొయ్యి మంట వెలుగులో మా అమ్మ వంట చేసేది. నూనె కాగగానే ఆమె చెయ్యి డబ్బాలోకి పోయేది, కళ్లు మాత్రం గంజి పొంగుతుందేమోనని పక్క పొయ్యి మీద ఉండేవి. ఒకసారి మా మేనత్త వచ్చి, డబ్బా కడిగి, గిన్నెలు తనకు నచ్చినట్టు సర్ది పెట్టింది. ఆ పూట పప్పులో ఆవాలకు బదులు మెంతులు పడ్డాయి, గుప్పెడు. మా నాయిన ఏమీ అనకుండా తిన్నాడు, మేం మాత్రం నీళ్లు తాగి పడుకున్నాం.

అందుకే నిజం విమానాల్లో ముఖ్యమైన ఆరు గేజ్‌లకి ఒక వరస ఉంది. పై వరసలో ఎడమన వేగం, మధ్యలో నేలా ఆకాశం కలిసే గీత చూపించేది, కుడిన ఎత్తు. కింది వరసలో మలుపు, దిక్కు, ఎంత వేగంగా ఎక్కుతున్నాం దిగుతున్నాం అన్నది. మేఘంలోకి పోయినప్పుడు బయట ఏమీ కనిపించదు, అప్పుడు పైలట్ కళ్లు మధ్యదాని మీద ఉండి, అక్కణ్ణుంచి పక్కలకీ కిందికీ పోయి మళ్లీ మధ్యకే వస్తాయి. మీ అమ్మకి మధ్య గిన్నె ఎలాగో పైలట్‌కి అది అలాగ. నీ ప్యానెల్‌లో నువ్వు దాన్ని కుడి మూలకి జరిపి ఎగిరి చూడు. విమానానికి ఏమీ కాదు, నీ మెడ మాత్రం చెబుతుంది.

1929 సెప్టెంబర్ 24న అమెరికాలో న్యూయార్క్ దగ్గర మిచెల్ ఫీల్డ్‌లో జిమ్మీ డూలిటిల్ అనే పైలట్ తన కాక్‌పిట్ మీద గుడ్డ కప్పించుకుని, బయట ఏమీ కనిపించకుండా, లోపలి ముళ్లను మాత్రమే చూస్తూ విమానాన్ని లేపి, ఒక చుట్టు తిప్పి, మళ్లీ దింపాడు. అవసరమైతే అందుకోవడానికి ఇంకో పైలట్ ఉన్నాడు కానీ ఆయన చెయ్యి వెయ్యాల్సిన పని పడలేదు. పదిహేను నిమిషాల పని. ఆ పదిహేను నిమిషాలు ఆ మనిషికి లోకమంతా నాలుగైదు గిన్నెల్లోనే ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

వేగం చూపించే గేజ్ మీద రంగు గీతలు ఉన్నాయి కదా, అవి ఎందుకని చిన్నోడు అడిగాడట. దానికి మా మేనమామ సంగతి చెప్పాలి. ఆయన బస్సు డ్రైవరు. అచ్చంపేట నుంచి మన్ననూరు ఘాట్ ఎక్కి శ్రీశైలం పోయే బస్సు. సెలవుల్లో నన్ను తన పక్కన ఇంజన్ మూత మీద గోనెపట్టా వేసి కూర్చోబెట్టుకునేవాడు, కింద వేడికి తొడలు కాలిపోయేవి, అయినా దిగేవాణ్ణి కాదు. పొద్దున్నే బండికి అగరుబత్తి వెలిగించి, స్టీరింగ్‌కి బొట్టు పెట్టి, ఆ తర్వాత వేలికి కాస్త నూనె అద్దుకుని, కుంకుమలో ముంచి, డాష్‌బోర్డులో ఒక మీటరు అద్దం మీద ఒకే చోట బొట్టు పెట్టేవాడు. చాలా రోజులు అది భక్తి అనుకున్నాను. ఒకరోజు ఘాట్ సగం ఎక్కాక ముల్లు వణుక్కుంటూ వణుక్కుంటూ ఆ బొట్టు కిందికి వచ్చింది. మామ మాట్లాడటం ఆపేశాడు. ముల్లు బొట్టును తాకగానే బండి పక్కకి ఆపి, చక్రాలకి రాళ్లు పెట్టించి, కాసేపు చల్లారనిచ్చి, డబ్బాతో రేడియేటర్‌లో నీళ్లు పోశాడు. "అంకెలు చదివే టైం ఉండదురా అల్లుడూ, బొట్టు చూస్తే చాలు" అన్నాడు.

నీ గేజ్ మీద ఉన్న ఎర్ర గీత ఆ బొట్టే. సెస్నా 172ఎస్‌లో ఆకుపచ్చ రంగు 129 నాట్ల దగ్గర ఆగుతుంది (విమానం వేగాన్ని నాట్లలో కొలుస్తారు), అక్కణ్ణుంచి పసుపు, అంటే గాలి కుదుపులు లేకుండా నెమ్మదిగా ఉన్నప్పుడే ఆ వేగం. 163 దగ్గర ఎర్ర గీత, అది ఎప్పుడూ దాటకూడనిది. తెల్ల రంగు ఉన్నంత మేర ఫ్లాప్స్, అంటే రెక్కల వెనక అంచున ఉండే రేకులు, దించుకోవచ్చు. నువ్వు వేరే విమానం నుంచి వేగం గేజ్ తెచ్చి పెడితే ముల్లు కదులుతుంది, సరిగ్గానే కదులుతుంది, కానీ రంగులు ఆ విమానానివి. పక్కింటి బండి బొట్టు చూసి మన బండి ఆపినట్టు అవుతుంది. జెట్ గేజ్ కదలకపోవడం కంటే ఇదే ప్రమాదం, ఎందుకంటే ఇది తప్పని అనిపించదు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. వేగం, ఎత్తు, ఎక్కడం దిగడం చూపించే మూడు గేజ్‌లూ విమానం పక్కన ఉన్న చిన్న రంధ్రంలోంచి వచ్చే గాలినే పంచుకుంటాయి. వేగానికి మాత్రం అదనంగా రెక్క కింద ముందుకు చూసే ఒక గొట్టం ఉంటుంది, ఎదురుగాలి దాంట్లోకి కొడుతుంది. మూడు గిన్నెలు నింపేది ఒకే సంచీ అనుకో, సంచీకి పురుగు పడితే మూడూ పాడే. 1996 ఫిబ్రవరిలో డొమినికన్ రిపబ్లిక్ తీరం దగ్గర సముద్రంలో బిర్గెన్ ఎయిర్ విమానం ఒకటి కూలి 189 మంది చనిపోయారు. వేగం చూపించే గొట్టంలో మట్టితో గూడు కట్టే కందిరీగ చేరి ఉండవచ్చని దర్యాప్తులో తేల్చారు. మన గోడ మూలల్లో బొటనవేలంత మట్టి గూళ్లు కడుతుంది చూడు, అలాంటిదే. నిలబెట్టిన విమానం గొట్టానికి ఎర్ర రిబ్బన్ వేలాడే తొడుగు వేస్తారే, అది దీని కోసమే. సిమ్యులేటర్‌లో ఫెయిల్యూర్స్ అని ఒక మెనూ ఉంది, దాంట్లో ఆ గొట్టం మూసుకుపోయినట్టు పెట్టి ఎగిరి చూడు. ఏ ముల్లు అబద్ధం చెబుతోందో, ఏవి నిజం చెబుతున్నాయో నీ అంతట నువ్వే కనిపెట్టు, నేను చెప్పను.

శంషాబాద్ రన్‌వే మీద నిలబడి ఉన్నప్పుడే ఎత్తు 2,000 దాటి ఎందుకు చూపిస్తోందని కూడా అడిగావు. అది నేల నుంచి కాదు, సముద్రం నుంచి కొలుస్తుంది. మన పీఠభూమే అంత ఎత్తులో ఉంది, ఆ ఎయిర్‌పోర్ట్ 2,024 అడుగులు. అంకె దానికి దగ్గరగా లేకపోతే కీబోర్డ్ మీద బీ నొక్కు, ఆ రోజు గాలి ఒత్తిడికి తగ్గట్టు సర్దుకుంటుంది.

ఈ రాత్రి అమ్మ పోపు వేసేటప్పుడు పక్కన నిలబడు. నూనె కాగకముందే, కళ్లు మూసుకుని ఆవాలు తియ్యమని అడుగు. చెయ్యి డబ్బాలో ఎక్కడికి పోతుందో, మధ్యలో తడుముకుంటుందో లేదో బాగా చూడు. తర్వాత అక్కని తియ్యమను. మధ్య గిన్నెలో మీ అమ్మ ఏం పెట్టుకుందో, ఎందుకు పెట్టుకుందో అడిగి నాకు రాయి.

సీతాఫలాలు గడ్డిలో మాగబెట్టాం, మీరు వచ్చేసరికి కళ్లు తెరుస్తాయి. చిన్నోడికి ముద్దులు.

మీ
తాత