రాలిన పూత, నిలిచిన పిందె

ఉగాది వెళ్లిన వారం నుంచి మా డాబా ఊడ్చినప్పుడల్లా చేటలోకి ముందు వచ్చేవి టమాటా పూలు. పసుపు రంగు ఇంకా తాజాగానే ఉంటుంది. వాడిపోలేదు, పురుగూ కొట్టలేదు. ఒక్కోటీ చిన్న కాడ ముక్కతో సహా ఊడిపడి ఉంటుంది. విశాఖ ఎంవీపీ కాలనీలో మేడ మీద మొక్కలు పెంచేవాళ్లు ఇద్దరు ఎదురుపడితే ఈ రోజుల్లో మొదటి మాట ఇదే: "మీకు పూత నిలుస్తోందాండీ?"

ఆ కాడ ముక్కను ఒకసారి పరీక్షగా చూడండి. టమాటా పూకాడ మధ్యలో చిన్న కణుపు లాంటిది కనిపిస్తుంది. పువ్వు రాలేది సరిగ్గా అక్కడే. గాలికి తెగిందనుకుంటాం గానీ తెంపింది మొక్కే. పుప్పొడి అంది గింజ కట్టడం మొదలైతే, అండాశయం నుంచి ఆక్సిన్ అనే హార్మోన్ కాడలోకి దిగుతూ ఉంటుంది. అది దిగుతున్నంత కాలం కణుపు గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆగిపోయిందంటే అక్కడి కణాలను కలిపి ఉంచే పదార్థాన్ని ఎంజైములు కరిగించేస్తాయి, పువ్వు జారి పడిపోతుంది. కాయ కాని పువ్వుకి నీళ్లు, చక్కెర పంపుతూ కూర్చుంటే మొక్కకి నష్టమే కదా.

మరి గింజ ఎందుకు కట్టలేదు? మన ఊళ్లో ఆ జవాబు సముద్రం దగ్గర దొరుకుతుంది.

కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎంత వేడి కావాలో, కిలో పొడి ఇసుకకి అందులో ఐదో వంతు చాలు. అందుకే నేల గబగబా కాగి గబగబా చల్లారుతుంది. సముద్రం నిదానంగా వేడెక్కుతుంది, ఆ వేడిని అంత తొందరగా వదలదు. మధ్యాహ్నం నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తే, దాని చోటులోకి సముద్రం మీది గాలి వస్తుంది. లోపలి జిల్లాలు మండిపోతున్న రోజున కూడా మనం బీచ్ రోడ్డులో నిలబడగలుగుతున్నామంటే దాని చలవే. కానీ రాత్రి లెక్క తిరగబడుతుంది. పగలు దాచుకున్న వేడి వల్ల సముద్రం తీరాన్ని చల్లారనివ్వదు. ఏప్రిల్ వచ్చేసరికి విశాఖ రాత్రులు తరచు 25 డిగ్రీలు దాటే ఉంటాయి.

మనం ఫ్యాను వేసుకుని పడుకుంటాం. టమాటాకి అది కుదరదు. పగలు 32, 35 డిగ్రీలు, రాత్రి 21, 24 డిగ్రీలు దాటుతూ పోతే దాని పుప్పొడి చచ్చుబడుతుంది. పైగా దెబ్బ తగిలేది పువ్వు విచ్చిన రోజున కాదు, అంతకు వారం పది రోజుల ముందు మొగ్గలో పుప్పొడి తయారవుతున్నప్పుడు. అందుకే పువ్వు చూడ్డానికి నిండుగా ఉంటుంది, లోపల పస ఉండదు. గాలిలో తేమ ఎక్కువైతే ఉన్న పుప్పొడి కూడా ముద్దకట్టి సరిగా రాలదు. ఎరువు చాల్లేదేమోనని ఇంకో గుప్పెడు వర్మీకంపోస్ట్ వేస్తే ఏమీ మారదు. ఎండాకాలంలోనూ మదనపల్లె నుంచి టమాటా లారీలు బయల్దేరుతున్నాయంటే, ఆ ఊరు సుమారు 700 మీటర్ల ఎత్తున ఉండటం ముఖ్య కారణం. అక్కడ పగలు ఎండ కాసినా రాత్రికి కాస్త చల్లబడుతుంది.

నా మట్టుకు నేను టమాటా నారు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే నాటుకుని ఫిబ్రవరికల్లా కోత ముగించుకోవాలనుకుంటాను. ఆ నెలల్లో తుఫాను టెన్షన్ ఉంటుంది నిజమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊళ్లో చెట్లను కూల్చిన తీరు చూసినవాళ్లెవరూ దాన్ని మరిచిపోరు. అయినా తుఫాను ఎప్పుడో వస్తుంది, వేడి రాత్రులు ఏటా వస్తాయి.

వసంతంలో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చేది వంగ. వంగపువ్వుని బోర్లించి చూస్తే మధ్యలో పసుపు పచ్చటి పరాగకోశాలు గుత్తిగా ఉంటాయి. పుప్పొడి వాటి పైన ఉండదు, లోపల ఉంటుంది. బయటికి దారి ప్రతి కోశం కొసన ఉన్న చిన్న రంధ్రం. మిరియాల డబ్బాలోంచి పొడి రావాలంటే డబ్బాని కదపాలి. ఇక్కడ కదిపేది గండు తుమ్మెద. అది పువ్వుని కాళ్లతో పట్టుకుని, రెక్కలు ఆడించకుండా, ఎగరడానికి వాడే కండరాలను మాత్రం బిగించి వదులుతూ సెకనుకి కొన్ని వందల సార్లు అదురుతుంది. పుప్పొడి జల్లున దాని పొట్ట మీద పడుతుంది. ఉదయం ఏడు గంటలకి మొక్కల మధ్య నిలబడితే ఆ తేడా చెవికి తెలుస్తుంది: ఎగురుతున్నప్పుడు ఒక శ్రుతి, పువ్వు మీద వాలగానే సన్నగా, హెచ్చు స్థాయిలో ఇంకొకటి. తేనెటీగకి ఈ విద్య రాదు. లోకంలో సుమారు 20 వేల రకాల పూలమొక్కలు ఇలా కొసన రంధ్రం ఉన్న కోశాలతోనే ఉన్నాయి.

గండు తుమ్మెద గూడు కట్టేది ఎండు కర్రలో, వెదురులో. పాత పందిరి వెదురు గడలు పారేయకుండా పిట్టగోడ మూలన ఆనించి ఉంచితే అది మన డాబాని వెతుక్కుంటూ రావచ్చు. తుమ్మెదలు రాని చోట ఎలక్ట్రిక్ టూత్ బ్రష్ వెనక భాగాన్ని పూకాడకి ఆనించి రెండు సెకన్లు ఉంచేవాళ్లున్నారు. అది పనిచేస్తుంది.

వంగలో కూడా ప్రతి పువ్వూ కాయ కాదు. కొన్ని పూలలో కీలం, అంటే పుప్పొడి అందుకునే మధ్య కాడ, పొడుగ్గా పెరిగి ఆకుపచ్చటి కొస కోశాల పైకి తొంగి చూస్తుంది. అవి కాయలవుతాయి. కొన్నిటిలో కీలం పొట్టిగా లోపలే ఉండిపోతుంది. అవి రాలిపోవడానికే పూస్తాయి, పుప్పొడి ఇచ్చి వెళ్లిపోతాయి. ఈ తేడా తెలిశాక రాలిన పువ్వుని చూసి బెంగపడటం మానేశాను.

ఉప్పు గాలి గురించి కూడా చెప్పాలి. సముద్రం వైపు ఉన్న ఆకుల అంచులు మాడినట్టు గోధుమ రంగుకి తిరిగితే అది ఎండ దెబ్బ అనుకోవద్దు. తుంపరతో వచ్చిన ఉప్పు ఆకు మీద పేరుకుని కణాల్లోని నీటిని లాగేస్తుంది. గాలి బలంగా వీచిన మర్నాడు పొద్దున్నే ఆకుల మీద మంచినీళ్లు చల్లి కడిగితే చాలావరకు నిలబడతాయి. ఆలస్యంగా మిగిలిన టమాటాల అడుగు నల్లగా, తోలులా మారడం వేరే సంగతి. అది కాల్షియం అందక వచ్చే జబ్బు. కాల్షియం నీటితో పాటే కదులుతుంది, ఆకులు నీటిని ఎక్కువగా లాగుతాయి కాబట్టి అటే పోతుంది. డాబా సెగకి మధ్యాహ్నానికే గ్రో బ్యాగ్ ఎండిపోతే కాయకి మిగలదు. కాల్షియం కోసమని వేసే గుడ్డు పెంకులు మట్టిలో కరగడానికి చాలా కాలం పడుతుంది. పొద్దునా సాయంత్రం కొంచెం కొంచెం నీళ్లు పోసి, మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు పరిస్తే గుణం తొందరగా కనిపిస్తుంది.

ఇక ఆనప పాదు. మొన్న పక్కింటి పిన్నిగారు పిట్టగోడ అవతల నుంచి పిలిచారు. "ఇరవై పూలు పూసింది, ఒక్క కాయా లేదమ్మా. మందేదైనా కొట్టమంటావా?" వెళ్లి చూస్తే అన్నీ సన్నటి పొడుగు కాడల మీద పూసిన మగపూలు. ఆనప, బీర, గుమ్మడి పాదులు ముందు మగపూలే పూస్తాయి. పొద్దు పొడుగై ఎండ ముదిరే కొద్దీ వాటి వాటా పెరుగుతుంది. ఆడపువ్వు కిందనే వేలెడంత పిందె ఉంటుంది, చూడగానే తెలిసిపోతుంది. "మందొద్దు పిన్నిగారూ, ఇంకో వారం చూడండి" అన్నాను.

ఆనప పువ్వు తెల్లగా ఉండి సాయంత్రం విచ్చుకుంటుంది, మర్నాడు ఎండెక్కేసరికి వాడిపోతుంది. పగటి తేనెటీగల కోసం పూసే పువ్వు కాదది, చీకట్లో తిరిగే రెక్కల పురుగుల కోసం తెల్లగా పూస్తుంది. వీధి దీపాలు, అపార్ట్‌మెంట్ల మధ్య నాలుగో అంతస్తు దాకా అవి ఎన్ని వస్తాయో చెప్పలేం. అందుకని రాత్రి ఏడున్నరకి మేమే పైకి వెళ్లాం. ఒక మగపువ్వు తెంపి, రేకులు వలిచి, మధ్యలోని పసుపు పొడిని ఆడపువ్వు కీలాగ్రానికి మెల్లగా రాశాను. పిన్నిగారు సెల్‌ఫోన్ లైటు పట్టుకున్నారు.

నా చిన్నప్పుడు పిందెకి వేలు చూపిస్తే కుళ్లిపోతుందని మా అమ్మ చేతి మీద కొట్టేది. పుప్పొడి అందని పిందె నాలుగు రోజుల్లో పసుపెక్కి కొసనుంచి కుళ్లుతుంది, మనం చూపించినా చూపించకపోయినా. ఆ సంగతి తెలిసి కూడా ఆ రాత్రి పిన్నిగారికి దాన్ని పిడికిలితోనే చూపించాను. ఐదో రోజుకి పిందె జానెడైంది. నూగు ఇంకా పోలేదు, మెడ వంచి కిందికి వేలాడుతోంది.