క్రీజు: గీత మీద ఉంటే చాలదు

"గీత మీదే ఉంది కదా సార్, ఔట్ ఎలా ఇచ్చారు?" అంపైరింగ్ చేసేవాళ్లకి ఈ ప్రశ్న తప్పదు. మొన్న మ్యాచ్‌లోనూ ఇదే. రెండో పరుగుకి దూసుకొచ్చిన కుర్రాడి బ్యాట్ కొస సరిగ్గా తెల్ల గీత మీద దిగింది. అదే క్షణంలో బెయిల్స్ లేచాయి. వేలెత్తాను. ఆట అయ్యాక వచ్చి బ్యాట్ తిప్పి, కొసకి అంటుకున్న సున్నం చూపించాడు. కళ్లలో నీళ్లు. వాడు అబద్ధం చెప్పలేదు, బ్యాట్ గీత మీదే ఉంది. అందుకే ఔట్.

అపోహ: గీతని తాకితే క్రీజులోకి వచ్చినట్టే.

వాస్తవం: నిబంధనల ప్రకారం క్రీజు అంటే సున్నం పూసిన గీత మొత్తం కాదు, స్టంప్స్ వైపున్న దాని అంచు మాత్రమే. గీత వెడల్పంతా బ్యాటర్‌కి బయటే. బ్యాట్ గానీ ఒళ్లు గానీ కాస్తైనా ఆ అంచు దాటి లోపల నేలని తాకాలి. రనౌట్‌కైనా స్టంపింగ్‌కైనా ఇదే లెక్క. "లైన్ అంపైర్‌ది" అనేది ఇందుకే. టెన్నిస్‌లో బంతి గీతని తాకినా లోపల పడ్డట్టే కాబట్టి చాలామంది ఇక్కడా అదే అనుకుంటారు. "డౌట్ ఉంటే లైన్ బ్యాటర్‌దే" అని కుర్రాళ్లకి నూరిపోసేవాళ్లని చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట నమ్మి వికెట్ పోగొట్టుకునేది పిల్లలు.

బౌలర్‌కీ అదే అంచు. ముందు పాదం పడేటప్పుడు కాస్తైనా దాని వెనక ఉండాలి, మడమ గాల్లో ఉన్నా ఫర్వాలేదు.

గీత గీసినంత మేరకే క్రీజు అన్నదీ తప్పే. పక్కలకి దానికి హద్దు లేదు, పిచ్‌కి దూరంగా పరుగెత్తినా లెక్కలోకి వస్తుంది.

ఇక బ్యాట్ లోపల ఆనించాక ఎగిరితే ఔటా? పరుగెత్తుతూనో డైవ్ చేస్తూనో లోపలికి వచ్చి, అదే ఊపులో ముందుకు వెళ్తూ లేస్తే కాదు. 2017 అక్టోబర్ నుంచి నిబంధన ఇదీ. క్రీజులో నిలబడి ఊరికే కాలు ఎత్తినవాడికి ఇది వర్తించదు.

ఆ కుర్రాడిని అక్కడే పిచ్ దగ్గరికి తీసుకెళ్లాను. బ్యాట్ నిలువుగా దించకు, గీతకి చాలా ముందే నేలకి ఆనించి, చెయ్యి చాచి జార్చుకుంటూ రా అన్నాను. నాలుగుసార్లు పరుగెత్తాడు. ఐదోసారి బ్యాట్ సున్నాన్ని చెరుపుకుంటూ జానెడు లోపలికి వెళ్లింది.