వార్షిక నివేదిక ఖరీదెంత?

చిరంజీవులకు ఆశీస్సులు.

ప్రభుత్వ సంస్థ వార్షిక నివేదికకు ఎంత ఖర్చవుతుందని అడిగారు. ప్రెస్సు బిల్లు చూసి ఇంతేననుకుంటారు చాలామంది. అది ఖర్చులో ఒక భాగమే. ఏడాది పనుల వివరాలను కింది కార్యాలయాల నుంచి తెప్పించడం, అంకెలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చూడడం, ఆడిట్ చేయించడం, చిత్తుప్రతిని పై అధికారుల సవరణలతో మళ్లీ మళ్లీ తిరగరాయడం, ఇదంతా ఉద్యోగుల శ్రమ. వారి జీతాలు వేరే పద్దు కింద పోతాయి కనుక ఆ శ్రమ నివేదిక ఖర్చులోకి రాదు. మన కేంద్ర ప్రభుత్వ సంస్థలకు అనువాదం కూడా తప్పదు, ఎందుకంటే 1963 నాటి అధికార భాషల చట్టం ప్రకారం పార్లమెంటు ముందుంచే నివేదికలు హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉండాలి.

ఈ ఖర్చును నివేదికలోనే చెప్పాలన్న ప్రభుత్వాలు ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం, నివేదిక తయారీకి బయటివారికి చెల్లించిన మొత్తాన్ని, అంటే సలహాదారుల రుసుము, ముద్రణ ఖర్చు వంటివాటిని, ఆ నివేదికలోనే వెల్లడించాలని నిబంధన పెట్టింది. అమెరికాలో రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ 2010 ఆగస్టులో పొదుపు చర్యలు ప్రకటిస్తూ, తమ శాఖ నివేదికల అట్ట మీదనే వాటి ఖర్చు అచ్చు వేయించాలని నిర్ణయించారు. వార్షిక నివేదికలకే పరిమితం కాని ఆ పద్ధతిలో, ఇతర ఖర్చులతో పాటు సిబ్బంది శ్రమ విలువను కూడా విడిగా చూపుతారు.

నా దృష్టిలో ఈ రెండోదే సరైన లెక్క. బయటి ఖర్చు ఒక్కటే అడిగితే, పేజీల రూపకల్పనను ఏజెన్సీకి అప్పగించిన సంస్థ దుబారా చేసినట్టు కనిపిస్తుంది. అదే పనిని సొంత ఉద్యోగులతో నెలల తరబడి చేయించిన సంస్థ ఏమీ ఖర్చు కాలేదని రాసుకోగలదు.

అచ్చు తగ్గించడం మంచిదే. 2020 సెప్టెంబరులో మన కేంద్ర ఆర్థిక శాఖ దిగుమతి కాగితంపై ముద్రణను ఆపమంది. 2021 బడ్జెట్ పత్రాలను అసలు అచ్చే వేయలేదు. నిగనిగలాడే కాగితం, పేజీకొక పెద్దల ఫొటో పోయినందువల్ల చదివేవారికి ఏ నష్టమూ లేదు. పొదుపు పేరుతో లెక్కల పట్టికలను కుదిస్తేనో, ఆడిట్‌ను సాగదీస్తేనో మాత్రం ఒప్పుకోకూడదు. స్వయంప్రతిపత్తి గల కేంద్ర సంస్థలు ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోగా నివేదికనూ ఆడిట్ అయిన లెక్కలనూ పార్లమెంటు ముందుంచాలి. రెండేళ్ల తరువాత వచ్చిన నివేదికకు ఎంత తక్కువ ఖర్చు పెట్టినా అది వృథాయే.

మీకు ఆసక్తి ఉంటే ఏదైనా ఒక కేంద్ర సంస్థను ఎంచుకుని, పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ముద్రణ, రూపకల్పన, అనువాదం ఖర్చులను విడివిడిగా అడగండి; ఎన్ని ప్రతులు వేశారో, వాటిలో ఎన్ని పంచారో కూడా అడగండి. ఉద్యోగుల పనిగంటల లెక్క ఆ కార్యాలయంలో రాసి ఉంటేనే ఇవ్వగలరు, కనుక అది ఉందో లేదో తెలియజేయమని చివర ఒక ప్రశ్న చేర్చండి.

మీ తాతయ్య