స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నప్పుడు దాంపత్యం: అపోహలు - వాస్తవాలు

ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర రాసిన చీటీ మీద "ఉదయం, టిఫిన్ తర్వాత" అని ఉంటుంది. భార్యాభర్తలు కలవచ్చా అన్న సంగతి మాత్రం ఉండదు. అడగడానికి రోగికి మొహమాటం, చెప్పడానికి డాక్టరుకు తీరిక ఉండదు. ఆ ఖాళీని తెలిసినవాళ్ల సలహాలు నింపేస్తాయి. ఆస్తమా, కీళ్లవాతం, లూపస్, నెఫ్రోటిక్ సిండ్రోమ్, పెంఫిగస్ లాంటి జబ్బులకు వారాలు, నెలల తరబడి ఈ మాత్రలు వేసుకునేవాళ్ల కోసం ఈ వివరాలు.

అపోహ: ఇవి జిమ్‌లో వాడే స్టెరాయిడ్లే

పేరు ఒకటే, మందులు వేరు. కండలకోసం వాడేవి టెస్టోస్టిరాన్, నాండ్రోలోన్, స్టానోజోలాల్ లాంటివి. అవి బయటినుంచి అందుతుంటే వృషణాలకు మెదడు పంపే సంకేతం ఆగి, వీర్యకణాల తయారీ పడిపోతుంది. ఆపాక కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. ప్రెడ్నిసోలోన్, డెఫ్లాజాకార్ట్, డెక్సామెథసోన్ వేరే జాతి. మూత్రపిండాల పైన ఉండే మన అడ్రినల్ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోనుకు ఇవి దగ్గరి చుట్టాలు. వీటి పని వాపును తగ్గించడం.

అపోహ: మాత్ర మొదలుపెడితే కోరిక చచ్చిపోతుంది, ఆపేస్తే తిరిగొస్తుంది

మొదటి సగంలో కొంత నిజముంది. పెద్ద మోతాదు ఎక్కువకాలం వాడితే మగవాళ్లలో టెస్టోస్టిరాన్ తగ్గవచ్చు, ఆడవాళ్లలో అడ్రినల్ నుంచి వచ్చే ఆండ్రోజెన్లు (కోరికకు తోడ్పడే హార్మోన్లు) తగ్గుతాయి. నిద్ర పట్టకపోవడం, చిరాకు, దిగులు కూడా తోడవుతాయి. రోజుకు 40 మి.గ్రా. దాటితే మనసు మీద ఈ ప్రభావం మరీ ఎక్కువ. అయితే కీళ్ల నొప్పి, ఆయాసం, నీరసం కోరికను ముందే మింగేసి ఉండొచ్చు. అలాంటివాళ్లకు మాత్ర పనిచేయడం మొదలయ్యాక కోరిక మళ్లీ చిగురిస్తుంది కూడా.

రెండో సగం ప్రాణం మీదికి తెస్తుంది. మూడు, నాలుగు వారాలకు మించి మాత్ర వాడితే అడ్రినల్ గ్రంథులు తమ పని మందగింపజేసుకుంటాయి. ఒక్కసారిగా ఆపితే కార్టిసాల్ లోటు పడి వాంతులు, విపరీతమైన నీరసం, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా వెళ్లొచ్చు. శోభనానికి నాలుగు రోజుల ముందు మాత్ర పక్కన పెట్టేద్దామనే ఆలోచన దయచేసి పెట్టుకోవద్దు. తగ్గించాలంటే డాక్టరు చెప్పిన మెట్ల ప్రకారమే తగ్గించాలి.

చేయగలిగినవి ఉన్నాయి. రోజుకు ఒకసారి వేసుకునే మాత్ర అయితే ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో వేసుకోండి, రాత్రి వేసుకుంటే నిద్ర చెడుతుంది. కోరిక తగ్గిందని నోరు తెరిచి చెప్పండి. మగవాళ్లకు ఉదయంపూట తీసిన రక్తంలో టెస్టోస్టిరాన్, అందరికీ షుగరూ బీపీ చూడాలి. అంగస్తంభన సమస్యకు ప్రెడ్నిసోలోన్‌తో పాటు సిల్డెనాఫిల్ వాడటానికి మామూలుగా అడ్డేమీ లేదు. గుండెకోసం సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవాళ్లు మాత్రం దాన్ని ముట్టకూడదు.

అపోహ: ముద్దుతో, కలయికతో మందు రెండోవాళ్లకు ఎక్కుతుంది

మాత్ర విషయంలో ఆ భయం అక్కర్లేదు. పూతమందు సంగతి వేరు, అది కింద చెబుతాం.

అపోహ: తెల్లబట్ట, దురద వచ్చాయంటే భర్త తిరిగొచ్చి అంటించినట్టే

ఈ ఒక్క అపోహ ఎన్ని కాపురాల్లో చిచ్చుపెడుతుందో! పెరుగు విరిగినట్టు తెల్లటి స్రావం, దురద, మంట ఉంటే అది చాలావరకు కాండిడా అనే ఫంగస్. స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది, షుగరును పెంచుతుంది. రెండూ ఆ ఫంగస్‌కు కలిసొస్తాయి. మగవాళ్లలో అంగం ముందు చర్మం కింద ఎర్రబడి పగుళ్లు వస్తాయి. ఒక కిటుకు గుర్తుంచుకోండి: ఉదయం వేసిన ప్రెడ్నిసోలోన్ షుగరును మధ్యాహ్నం, సాయంత్రం పెంచుతుంది. పరగడుపు పరీక్ష బాగానే వచ్చినా నమ్మకండి, మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకు చేయించండి.

చికిత్సకు వాడే క్లోట్రిమజోల్ క్రీములు, యోనిలో పెట్టే మాత్రలు రబ్బరు కండోమ్‌ను బలహీనపరుస్తాయి, కాబట్టి కోర్సు నడిచినన్ని రోజులు కండోమ్ మీద ఆధారపడొద్దు. కొబ్బరినూనె, వాసెలిన్‌లతోనూ ఇదే ఇబ్బంది. జారుడుకోసం నీటి ఆధారిత జెల్ వాడండి. దుర్వాసన, పుండ్లు, పొత్తికడుపు నొప్పి ఉంటే అది వేరే జబ్బు, ఇద్దరూ పరీక్ష చేయించుకోవాలి.

ఇక గజ్జల్లో తామర. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీము రెండు రోజులు దురద ఆపుతుంది, ఆ చాటున ఫంగస్ విస్తరిస్తుంది. వృషణాల చర్మం ముంజేతి చర్మం కంటే 40 రెట్లు ఎక్కువగా స్టెరాయిడ్‌ను పీల్చుకుంటుంది, అక్కడ చర్మం పలచబడటానికి ఎంతో కాలం పట్టదు. తామర భార్యాభర్తల మధ్య అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి ఇద్దరికీ ఉంటే చికిత్స ఒకేసారి జరగాలి, తువ్వాళ్లు వేరుగా ఉండాలి. జననాంగాల చర్మం తెల్లబడి దురదపెట్టే లైకెన్ స్క్లెరోసస్ లాంటి జబ్బుకు చర్మవైద్యులు అక్కడే క్లోబెటసాల్ అనే ఘాటైన స్టెరాయిడ్ క్రీము రాస్తారు, అది సరైన చికిత్సే. అది పూసుకున్న వెంటనే కలయిక వద్దు, క్రీము రెండోవాళ్లకు అంటుతుంది.

అపోహ: స్టెరాయిడ్ వాడుతుంటే ఎలాగూ గర్భం రాదు

నెలసరి క్రమం తప్పవచ్చు, కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకున్నాక కూడా అలా జరుగుతుంది. అంతమాత్రాన అది గర్భనిరోధకం కాదు. పైగా ఇక్కడ అసలు ముప్పు ప్రెడ్నిసోలోన్‌తో కాదు, దానితో పాటు రాసే మందులతో. మెథోట్రెక్సేట్, మైకోఫెనోలేట్, సైక్లోఫాస్ఫమైడ్ బిడ్డ అవయవాలను దెబ్బతీస్తాయి. గర్భానికి మైకోఫెనోలేట్ కనీసం 6 వారాల ముందు, మెథోట్రెక్సేట్ 3 నెలల ముందు ఆపాలని చెబుతాం. సైక్లోఫాస్ఫమైడ్ అండాలనూ వీర్యకణాలనూ దెబ్బతీస్తుంది, మొదలుపెట్టకముందే వీర్యం భద్రపరుచుకోవడం గురించి అడగండి.

ఏ పద్ధతి? కాపర్-టీ వాడొచ్చు. లూపస్‌లో యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉంటే ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వద్దు, రక్తం గడ్డకట్టే ముప్పు. ప్రభుత్వాసుపత్రుల్లో మూడు నెలలకోసారి ఇచ్చే 'అంతర' అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఎముకల సాంద్రతను తగ్గిస్తుంది. స్టెరాయిడ్ చేసేదీ అదే, రెండూ కలిస్తే నష్టం పెరుగుతుంది.

గర్భం నిలిచిందని తెలిసి భయంతో ప్రెడ్నిసోలోన్ ఆపేయకండి. మాయ (ప్లాసెంటా) దాన్ని చాలావరకు నిర్వీర్యం చేస్తుంది, బిడ్డకు చేరేది పదో వంతు. తండ్రి కావాలనుకునే మగవాడూ దీన్ని ఆపనక్కర్లేదు.

అపోహ: కలయికకు ముందు అదనపు మాత్ర వేసుకోవాలి

అవసరం లేదు. అదనపు మోతాదు జ్వరానికి, ఆపరేషన్‌కు. వాంతులవుతూ మాత్ర నిలవకపోతే ఆసుపత్రికి వెళ్లి హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ చేయించుకోవాలి.

అపోహ: తొడ నొప్పి కలయిక వల్లే

గజ్జలో నొప్పి వారం దాటినా తగ్గకపోతే స్టెరాయిడ్ వల్ల తుంటి ఎముకకు రక్తం అందక దెబ్బతింటోందేమో చూడాలి. మొదట్లో ఎక్స్‌రేలో కనబడదు, ఎమ్మారై కావాలి. కింద కూర్చుని లేవలేకపోతుంటే స్టెరాయిడ్ వల్ల తొడ కండరాలు బలహీనపడి ఉండొచ్చు. తేలేదాకా పక్కకు పడుకుని కలవడం, కాళ్ల మధ్య దిండు పెట్టుకోవడం, బరువు రెండోవాళ్లు మోయడం మేలు. వెన్నెముక బలహీనమైనవాళ్లు ముందుకు వంగే భంగిమలు మానాలి.

అద్దంలో గుండ్రబడ్డ ముఖం చూసుకుని దీపం ఆర్పేసి దూరంగా జరిగేవాళ్లు ఎందరో. మోతాదు తగ్గిన నెలల్లో ముఖం వెనక్కి వస్తుంది, పొట్ట మీది చారలు మాత్రం రంగు తేలి మిగులుతాయి. చర్మం పలచబడటంతో కాస్త గట్టిగా పట్టుకున్నా నీలం మచ్చలు పడతాయి. అవి మందు తెచ్చిన మచ్చలని ఇద్దరికీ ముందే తెలియాలి.